పెద్దమ్మ ముందే పెట్టిన కృతజ్ఞతా కూడిక

మా పెద్దమ్మకు బోదకాలు. బందరులో ఆమె వయసువాళ్ళకు ఇదేమీ వింత కాదు. రోజూ పొద్దున్నే పీట మీద కూర్చుని ఆ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా పాత చీర ముక్కతో అద్దుకుంటుంది. మధ్యమధ్యలో దాన్ని తిడుతుంది కూడా.

నేను హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ జబ్బు తెచ్చే పురుగు ఏవో పదార్థాలు వదిలి మన రోగనిరోధక శక్తిని జోకొడుతుంది. అందుకే ఒంట్లో ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతుంది. ఆ ఎత్తును పారనివ్వని చిన్న రసాయన అణువు కోసం మేం వెతుకుతున్నాం. ఈ సంగతి చెబితే పెద్దమ్మ నవ్వింది.

“అంటే మనింట్లో తింటా, మనవాణ్ణేనని నమ్మిస్తుందన్నమాట. అచ్చం మా ఆఖరి మరిదేనే!”

గుడివాడ నుంచి వారానికని వచ్చి నెల ఉండిపోతాడాయన.

అలా నవ్విన మనిషి, మందు వచ్చేసినట్టే అనుకుని ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టేసింది. మేలు జరగకముందే నమ్మి స్తుతించడం మా చర్చివాళ్ళకు అలవాటే. నేను సెలవుకు వచ్చేసరికి ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి, దొడ్లో కోడికూర ఉడుకుతోంది. పాస్టరు అయ్యగారు నన్ను నిలబెట్టి, “ఆ మందు సంగతి నువ్వే చెప్పమ్మా” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కూడిక పెట్టేముందు నన్ను ఒక్క మాటైనా అడగాలి కదా! తీరా పెద్దమ్మ మొహం చూస్తే కోపం నిలవలేదు. అబద్ధమాడటానికీ నోరు రాలేదు.

“మందు ఇంకా ల్యాబ్ దాటలేదు పెద్దమ్మా. వచ్చినా బతికున్న పురుగు మీదే పనిచేస్తుంది. నీ ఒంట్లోవి ఎప్పుడో చచ్చిపోయుంటాయి. వాపు మాత్రం మిగిలిపోయింది. ఆ మందుతో అది తగ్గదు.”

పెద్దమ్మ కుచ్చిళ్ళు కాలి మీదికి సర్దుకుంది. నాకు ఏడుపొచ్చింది.

“కూడిక ఆపొద్దండి అయ్యగారూ” అంది. “పిల్లల కాళ్ళు ఇలా అవకుండా ఉండాలని చేయండి.”

అందరం తలలు వంచాం. ఆయన ప్రార్థన మొదలుపెట్టబోతుంటే, పెద్దమ్మ నాకు వినపడకూడదన్నట్టు ఆయన వైపు వంగి నెమ్మదిగా అంది.

“నా కాలు సంగతి కూడా ఒక్క మాట అడగండి. అడిగితే తప్పేం లేదుగా.”