ఫ్రీజర్‌లో వంకాయలు

వంకాయ చూస్తే నాకిప్పుడు కడుపులో దేవుతుంది. తప్పు వంకాయది కాదు, మా ఆయనది.

నంద్యాలలో మాకు కిరాణా కొట్టుంది. అందులో ఐస్‌క్రీం అమ్మకం సాగక, మా ఆయన ఆ ఫ్రీజర్‌ను ఇంటికి తెచ్చి వంటింటి పక్కన పెట్టాడు. ధర పడిపోయినప్పుడు కూరగాయలు గంపలకొద్దీ కొంటాడు. కోసి, కవర్లలో కట్టి అందులో పడేస్తాడు. ధర పెరిగినప్పుడు తినొచ్చట. ఆలోచన చెడ్డదేం కాదు, బఠానీలు బాగానే ఉంటాయి. కానీ ఈ మనిషి బెండకాయనూ వదలడు, వంకాయనూ వదలడు. బయటికి తీస్తే బెండకాయ జిగురు కారుతుంది. వంకాయ నల్లబడి, తడిసిన మసిగుడ్డలా ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా కరెంటు పోతుంది. అన్నీ కరిగి, మళ్లీ గడ్డకట్టి, పాత ఐస్‌క్రీం వాసన పట్టిన ఒకే ముద్దవుతాయి. దాన్ని ఆయన పచ్చడిబండతో పగలగొట్టి నా చేతికిస్తాడు. ఛీ, తలుచుకుంటేనే రోత.

దానికి తోడు కొట్టు నియమం ఒకటి. "పాత సరుకు ముందు పోవాల" అంటాడు. అందుకని తాజా కాయ ఏదొచ్చినా తిన్నగా ఫ్రీజర్‌లోకి పోతుంది. మేం తినేది ఎప్పుడూ పాతదే. ఒక్కసారి తాజావి వండుకుందామంటే, "పాతవి పారబోస్తావా? దుడ్లు ఊరికే వస్తాండాయా?" అంటాడు.

మా నాయనది ఆళ్లగడ్డ దగ్గర సేద్యం. వంగతోటంటే ఆయనకు ప్రాణం. పొద్దున్నే కోసిన కాయలు సంచిలో వేసుకుని బస్సెక్కి వస్తాడు. గుమ్మంలో దించి, మంచినీళ్లు తాగి, తిరుగు బస్సుకు పోతాడు. ఒక్క పూటైనా ఆ కాయలతో గుత్తివంకాయ చేసి ఆయనకు పెట్టాలని నా ఆశ.

మొన్న ఎండాకాలంలో బ్యాంకు పనుండి, సంచితో మధ్యాహ్నం దిగాడు. "అన్నం తిని పోతామ్మా" అన్నాడు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

"కొంచేపు కూచో నాయనా, వీటితోనే చేస్తా" అని సంచి కోసం చూస్తే లేదు. మా ఆయన అప్పటికే లోపలికి మోసుకుపోయాడు.

"బస్సు టైమైతాంది. ఉండేదే పెట్టు" అన్నాడు నాయన.

ఉండేది, చలికాలంలో నాయనే తెచ్చిన వంకాయల కూర.

ఒక ముద్ద తిని ఆగాడు. ఎలాగో మింగి, ముక్కలను కంచం అంచుకు నెట్టాడు.

"ఇవి యాడ కొన్యారమ్మా?"

నేను మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపాను. మా ఆయన తడుముకోకుండా, "మార్కెట్లో మామా" అన్నాడు.

"ఎవుడు పండిచ్చినాడో గానీ, వానికి సేద్యం రాదు" అన్నాడు నాయన.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా నిమ్మళంగా అన్నం కలుపుకుంటున్న మనిషిని చూస్తే ఆ కూరకన్నా ఎక్కువ అసహ్యం వేసింది. నాయన మజ్జిగతో, ఊరగాయతో ముగించి లేచాడు. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకున్నాడు.

"ఇట్లాంటివి కొనాకండప్పా. వచ్చే వారం రెండు సంచులు తెస్తాలే."

"తీసకరా మామా" అన్నాడు మా ఆయన. "చోటుండాది."