దొర బంగ్లాలోకి చెప్పులతో

మొన్న ఏన్కూరు నుంచి వచ్చి బస్సు దిగేసరికి మా ఊరి పాత బంగ్లాకు నీలం రంగు వేస్తున్నారు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, బోర్డు కనబడితే నిలబడి పూర్తిగా చదవనిదే కదలను. ‘ఫంక్షన్ హాల్, ఏసీ గదులు కలవు’ అని రాశారు. టేకు దూలాలు కనబడకుండా కింద తెల్లటి అట్టలు బిగించారు. నాకు నచ్చలేదు. నన్ను అడిగినవాళ్ళూ లేరు.

కట్టినప్పుడు అది దొర కచేరి. దాని ముందు నుంచి పోయేటప్పుడు మాలాంటివాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకుని నడవాలి. దారి నిండా తుమ్మముళ్ళున్నా సరే. మా మామ, అంటే మా ఆయన తండ్రి, పడుచువాడుగా ఉన్నప్పుడు కాలికి పుండై ఒకసారి చెప్పులతోనే నడిచాడట. లోపలికి ఈడ్చుకుపోయి ఆ చెప్పులతోనే కొట్టారు. తరువాత దొర పోయాడు. బంగ్లా సర్కారు చేతికొచ్చి కొన్నాళ్ళు గోదాము, ఆపైన దవాఖానా అయింది. మా మామ మాత్రం ఆ దారి తొక్కలేదు. సంతకు పోవాలన్నా పొలంగట్ల మీద చుట్టు తిరిగి పోయేవాడు.

నేను కోడలుగా వచ్చాక ఒక వానాకాలం ఆయనకు మలేరియా పట్టింది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. అదే జ్వరంతో ఆ నెలలోనే పక్కింటాయన పోయాడు. మా ఆయనా నేనూ భయపడి, మామను ఎడ్లబండిలో దవాఖానాకు తెచ్చాం. బంగ్లా మెట్లు చూడగానే ఆయన బండి దిగి, చక్రం పట్టుకుని నిలబడిపోయాడు.

“ఇంటికాడ్నే సస్త గని, గీ కొంపల అడుగువెట్ట.”

మా ఆయన బతిమాలాడు. నాకు బతిమాలడం రాదు.

“సావు మామా. దొర సచ్చినంక గూడ దొర భయానికే సచ్చిండని ఊరందరికీ చెప్త” అన్నాను.

నన్ను కొట్టేటట్టు చూశాడు. చూసి, మెట్లెక్కాడు. గుమ్మంలో నర్సు అడ్డం వచ్చింది. ఆమెది మధిర వైపు, ఈ సంగతులేవీ తెలియవు.

“తాతా, చెప్పులు బయట వదులు.”

“ఇడువ.”

“గుడికెళ్తే వదలవా?”

“గుళ్ళె నన్నెవ్వలు కొట్టలే బిడ్డా.”

ఆమె నా వంక చూసింది. రెండు ముక్కల్లో చెప్పాను. ఫినాయిలు వేసి తుడిచిన నేలనూ, ఆయన బురద చెప్పులనూ చూసుకుని, “మళ్ళీ తుడుచుకుంటాలే, రా” అని పక్కకు జరిగింది.

ఆయన తొందరపడలేదు. తూలుతూనే వరండా ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచి, అప్పుడు మంచమెక్కాడు. సూది గుచ్చేటప్పుడూ కాళ్ళకు చెప్పులున్నాయి. గ్లూకోజు సగం ఎక్కాక నన్ను పిలిచాడు. “గిప్పుడు తియ్యి బిడ్డా, కాళ్ళకు గాలి తగలాలె.” తీసి మంచం కింద పెట్టాను.

బంగ్లా దవాఖానా కావడానికి ఒక్క వేసవి సరిపోయింది. మా మామ లోపల అది దవాఖానా కావడానికి సగం జీవితం పట్టింది.