డెబ్బై నాలుగు ముళ్ళు

పూర్ణా మార్కెట్లో చేపలామె థర్మాకోల్ పెట్టె మూత తీయగానే తెల్లటి ఆవిరి చల్లగా మొహానికి తగులుతుంది. ఆ ఐసు వాసనకు నా పదేళ్ళ వయసు, వన్ టౌన్ సందులో మా ఇల్లు, నేనెన్నడూ చూడని ఒక నది గుర్తొస్తాయి.

మాది చేపల వేట మీద బతికిన ఇల్లు. దసరా మరునాడు, పొయ్యి మీద ఎండు నెత్తళ్ళ ఇగురు ఉడుకుతుండగా, ఓడ పనికి వెళ్ళిన చిన్నాన్న ఉత్తరం ఆ నది దగ్గర్నుంచి వచ్చింది. భూమికి పైకొసన, చెట్టన్నదే లేని బయళ్ళ మీదుగా ఉత్తరానికే పారే నది అది. సముద్రంలో కలిసే మొగ దగ్గర మంచు పట్టి ఓడ ఇరుక్కుందట. మనిషి నిలువు మందాన గడ్డకట్టిన నీటి కింద వెండి పొట్ట చేపలు, గులాబీ కండ చేపలు తిరుగుతాయట. చేపలు సముద్రంలోకి దిగే వేళకు ఓడ కదులుతుందని, అక్కణ్ణించి నలభై రోజుల ప్రయాణమని రాశాడు.

మంచం పట్టిన మా మామ్మకు, అంటే నాన్న తల్లికి, చిన్నకొడుకును చూడాలన్న కోరిక ఒక్కటే మిగిలింది.

"ఏటే లెక్కల్దానా, మీ సిన్నాన్న ఎప్పుడొత్తాడే?"

మాకు నది ఎక్కే చేపంటే పులసే. వరదకు గోదారి ఎక్కి, కార్తీక పౌర్ణమికల్లా సముద్రంలోకి దిగిపోతుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పౌర్ణమికి ముప్పై నాలుగు, ప్రయాణానికి నలభై. డెబ్బై నాలుగు రోజులన్నాను. వేటకు వెళ్ళినవాళ్ళ కోసం మా ఆడవాళ్ళు చేసినట్టే, మామ్మ వల దారానికి అన్ని ముళ్ళు వేసి, రోజూ దీపాల వేళకు ఒకటి విప్పేది.

"ఈ ముసిల్ది యముణ్ణి కూడా ముడేసీసిందే!" అని పక్కింటావిడ నవ్వితే, "నా కొడుకొచ్చేక ఇప్పుతాన్లే" అనేది.

చివరి ముడి విప్పిన సాయంత్రం ఆ దారం నా చేతిలో పెట్టింది.

"ముళ్ళయిపోనాయే. మరేటి?"

మళ్ళీ లెక్క వేశాను. డెబ్బై నాలుగే వచ్చింది. మామ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గంజి ముట్టలేదు. ఐదో రోజు పోయింది.

చిన్నాన్న శ్రావణంలో వచ్చాడు. అక్కడి చేప పులసకు తలకిందులట: చలికాలమంతా నది మడుగుల్లో మంచుగడ్డ కిందే దాక్కుని, ఎండాకాలం మంచు విరిగాకే కొద్ది వారాలు సముద్రానికి పోతుందట.

"పులస లెక్కేసేరా? ఎవలేసేరు?" అన్నాడు. అమ్మ నా వైపు చూడకుండా అన్నం వడ్డించింది.

ఇప్పుడు ఆ నది పొడవు, మంచు మందం ఫోనులోనే దొరుకుతాయి. వలలు ముళ్ళతో సహా ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. రోజులు లెక్కపెట్టే దారం మా వాళ్ళలో ఏ ఇంట్లోనూ లేదు.

"ఇంటికెల్డానికి ఎంతసేపమ్మా? ఐసు ఎంతెయ్యను?" అని చేపలామె ప్రతిసారీ అడుగుతుంది.

ఇప్పుడు నేనుండే ఉక్కునగరానికి బస్సు ఎన్ని నిమిషాలకు చేరుతుందో నాకు కచ్చితంగా తెలుసు. "చెప్పలేను, నువ్వే వెయ్యి" అంటాను.