ఇంజను కడుపులో పిట్ట

ఆ చిన్న రైలు దారిలో పట్టాలు సన్నం, వంతెనలు బలహీనం. అందుకే ఇంజన్లనూ తేలిగ్గా తయారు చేశారు. వెనక వేరే బొగ్గుబండి లేదు. నీళ్ల ట్యాంకులు బాయిలరుకు అటూ ఇటూ గాడిద మీద మూటల్లా ఉండేవి. బొగ్గు మండే పొయ్యి ఎంత చిన్నదంటే, చల్లారాక రిపేరుకని దాని నోట్లోంచి లోపలికి దూరగలిగిన మనిషి షెడ్డు మొత్తానికి ఒక్కడే, బక్కపలచటి ఫిట్టరు. ఫిట్టరు కాస్తా జనం నోట్లో పిట్ట అయ్యాడు. పిట్ట కొంచెమే గానీ కూత ఘనమేం కాదు. మాట పెగలడమే కష్టం.

పొయ్యికి లోపల ఒక ఇనుప గోడ, బయట ఒకటి, మధ్య నీళ్లు. ఆ గోడల్ని కలిపి పట్టే బోల్టులు అప్పుడప్పుడూ విరిగేవి. కొత్తవి బిగించాలంటే లోపల ఒకడు, బయట ఒకడు ఉండాలి. బయట ఉండేది మేస్త్రీ. గోడలు అడ్డొచ్చి మాట వినబడదు కనక సుత్తితోనే మాట్లాడుకునేవారు. ఒక దెబ్బ అంటే ఆగు. రెండంటే కొట్టు. గబగబా మోగితే, బయటికి రారా, టీ వచ్చింది. అలాగే ఇద్దరికీ వయసు మళ్లింది.

పిట్టకు పెళ్లి కాలేదు. అక్క సంబంధాలు చూసింది. "పిల్లాడింకా ఎదగలేదేంటమ్మా?" అని ఒకావిడ నవ్వాక చూడటం మానేసింది.

మేస్త్రీ రిటైరై కూతురి ఊరెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినవాడు మంచివాడే గానీ, లోపల సుత్తి మోగితే చాలు, పొయ్యి నోట్లో తలపెట్టి "ఏంటన్నా, పిలిచావా?" అని అరిచేవాడు.

ఒక సెలవురోజు పిట్ట బస్సెక్కి మేస్త్రీ ఇంటికి వెళ్లాడు. మేస్త్రీ గుమ్మంలోనే కావలించుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఏరా, బాగున్నావా?"

"ఆ. నువ్వు?"

"ఆ. ఇంజన్లు?"

"తిరుగుతున్నాయి."

అంతే. మేస్త్రీ భార్య టీ ఇస్తూ, "ఇన్నేళ్లు కలిసి పనిచేశారు, ఇంతేనా మాటలు?" అని నవ్వింది. ఇద్దరూ తలలు దించుకున్నారు. ఒకరి ముఖం ఒకరు అంతసేపు చూడటం వాళ్లకు అలవాటు లేదు. పొద్దు వాలకముందే పిట్ట లేచాడు. "మళ్లీ రారా" అన్నాడు మేస్త్రీ. ఇతను తలూపాడు గానీ, మళ్లీ వెళ్లలేదు.

తర్వాత డీజిలు ఇంజన్లు వచ్చాయి. వాటికి పొయ్యే లేదు. పిట్టను స్టోరు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, అడిగినవాళ్లకు సామాన్లు ఇవ్వడానికి.

"కొత్త పని ఎలా ఉందిరా?" అని అక్క అడిగింది.

"వెలుతురు ఎక్కువక్కా."

"అలవాటవుతుందిలే."

అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. దానికి మసి అంటలేదు. అయినా అక్క అలవాటు కొద్దీ దాన్ని తీసి నీళ్లలో నానబెట్టింది.