నలభై గ్లాసుల ప్రజాభిప్రాయం

మా కుర్రతనంలో ప్రజాభిప్రాయం కావాలంటే దాని గుమ్మం దాకా మనమే నడిచి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడైతే భోంచేసి నడుం వాల్చగానే ఫోను మోగుతుంది. పరిపాలన బాగుంటే ఒకటి నొక్కండి, బాగోకపోతే రెండు నొక్కండి అని ఒక ఆడగొంతు చెబుతుంది. నేను అన్నీ నొక్కుతాను (అందుకే మా ఆవిడ ఫోను లాక్కుంటుంది). ఆ గొంతుకి ఎండ తెలీదు, దోనె తెలీదు, వీధికుక్క అసలే తెలీదు. నాకు మూడూ తెలుసు. ఇరవై రెండేళ్ల వయసులో, కొల్లేటి మధ్యనున్న ఒక లంక ఊళ్లో, ఒక ప్రెసిడెంటు గారి మొదటి ఆరు నెలల పరిపాలన మీద వెయ్యిమంది అభిప్రాయాలు సేకరించిన ఘనుణ్ణి నేను. వెయ్యి అంటే, సరే, ఊళ్లో వెయ్యిమంది ఉండేవారు. నేను అడిగింది నలభై ఇళ్లలో.

అప్పటికి నేను తాడేపల్లిగూడెంలో బి.ఏ. ఒక్క పేపరు మిగుల్చుకుని (రెండని మా నాన్నగారు వాదించేవారు, ఆయన అన్నదే నిజం) ఇంటి అరుగు మీద దేశ రాజకీయాలు చక్కబెడుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు నాన్నగారు పేపరు మడిచి, "ఒరేయ్, ఈ నెలాఖరుకి ఉద్యోగం లేకపోతే జంగారెడ్డిగూడెం బస్సెక్కు. మీ బావ పొగాకు ఆరబెట్టే బేరను కొట్టం దగ్గర మంట చూసుకోడానికి మనిషి కావాలంటున్నాడు" అన్నారు. మంటకి నేను భయపడలేదు. బావకి భయపడ్డాను. ఆయన రోజుకి నాలుగుసార్లు "ఏవండీ గ్రాడ్యుయేటు గారూ" అని పిలిచే రకం. అది చూడలేక ఏలూరు మావయ్య నన్ను ఒక సర్వే ఆఫీసులో తాత్కాలికంగా పెట్టించాడు. కొత్తగా ఎన్నికైన పంచాయతీ ప్రెసిడెంట్ల పని మీద జనం ఏమనుకుంటున్నారో కనుక్కుని రావాలి. మేం అయిదుగురం. ఖాయమయ్యేది ఒక్కడు.

మా సూపర్వైజరు గారిని మేం శాతాల మేష్టారు అనేవాళ్లం. ఆయన ఏం మాట్లాడినా శాతాల్లోనే. "ఈ చట్నీలో ఎనభై శాతం నీళ్లేనోయ్" అనేవారు. మొదటిరోజే మమ్మల్ని నిలబెట్టి చెప్పారు: "మనుషులన్నాక ఒకడు బాగుందంటాడు, ఒకడు బాగోలేదంటాడు. అన్ని ఫారాల్లోనూ ఒకే జవాబు ఉందంటే మీరు ఏ కాఫీ హోటల్లోనో కూర్చుని వండారన్నమాట. వండిన ఫారాల్నీ, వండినవాణ్ణీ కలిపి బయటికి పంపిస్తాను." ఆ మాటకి నాకు అక్కడే పొగాకు వాసన తగిలింది.

ఏలూరులో బస్సెక్కి, అది దింపేసిన చోట దోనె ఎక్కాను. సగం దూరం వెళ్లేసరికి పెద్ద తుఫాను. (తుఫాను కాదు. గాలి. అదీ హాయిగానే ఉంది. నేను మాత్రం దోనె అంచు వదల్లేదు.) గట్టు మీద తెల్లపంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని ఒక లావుపాటి పెద్దమనిషి నిలబడి ఉన్నారు. "రండి అబ్బాయి గారూ, ప్రయాణం బాగా జరిగిందాండీ?" అన్నారు. ఆయనే ప్రెసిడెంటు గారు. ఆ ఊళ్లో హోటలు లేదు. ఆఫీసుల నుంచి ఎవరొచ్చినా ప్రెసిడెంటు గారింట్లోనే భోజనం, పడక. అంటే ఎవరి మీద అభిప్రాయాలు అడగడానికి వచ్చానో వాళ్లింటి పెరుగన్నం తిని బయల్దేరానన్నమాట. నేనొక్కణ్ణే తిరుగుతానండీ అంటే ఆయన బాధపడిపోయారు. "మా ఊరొచ్చిన మనిషిని ఒంటరిగా ఎండలో తిప్పితే మాకు మర్యాదగా ఉంటుందాండీ?" అని, నలభై ఇళ్లూ నా నెత్తిమీద గొడుగు పట్టి తనే తిప్పారు.

మొదటి గుమ్మం దగ్గర ఆయనే కేకేశారు. "అమ్మాయ్, ఏలూరు నుంచి వచ్చారమ్మా. నా గురించి అడుగుతారట. మొహమాటపడకుండా చెప్పు." ఆవిడ పైట సర్దుకుని, "ప్రెసిడెంటు గారికేం అండీ, మారాజు" అంది. నేను ఫారం చూసి, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగోలేదు, ఈ నాలుగింట్లో ఏదమ్మా అని అడిగాను. "మొదటిదేనండి. రెండోది రాస్తే ఆయనేమనుకుంటారు?" అంది. ఆయన వెనకనుంచి, "నేనేమీ అనుకోనమ్మా" అన్నారు. "చూశారాండీ, ఎంత మంచివారో!" అని ఆవిడ లోపలికెళ్లి, ఇత్తడి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "ఎండనపడి వచ్చారు, దాహం పుచ్చుకోండి. కొత్త కుళాయి నీళ్లేనండి."

ఆ కుళాయిలే ప్రెసిడెంటు గారి మొదటి ఘనకార్యం. ఎన్నో ఆఫీసుల చుట్టూ తిరిగి ఊరికి చెరువు తవ్వించి, ట్యాంకు కట్టించి, వీధి వీధికీ గొట్టాలు వేయించారు. గ్లాసు ఎత్తగానే బురదలో పడుకున్న చేప వాసన కొట్టింది. కానీ ఎదురుగా ఆవిడ, పక్కన ఆయన. గుటక వేసి, "బావున్నాయండీ" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇంక ఇంటింటా అదే వరస. పరిపాలన చాలా బాగుంది, కుళాయిలు చాలా బాగున్నాయి, దాహం పుచ్చుకోండి. ఊరు సరైన దిశలో వెళుతోందా అన్న ప్రశ్నకి మాత్రం వల అల్లుకుంటున్న ఒక తాతగారు కాసేపు ఆలోచించారు. "చుట్టూ నీళ్లు కదండీ, మా ఊరు ఎటు వెళుతుంది? మొన్న వరదకి కాస్త ఉప్పుటేరు వైపు వెళదామనుకుంది గానీ, మేమే పట్టుకుని ఆపేం." అది ఏ గడిలో పడుతుందో తెలీక సరైన దిశలో అని టిక్కు పెట్టేశాను. ఆయనా మనవరాల్ని కేకేసి గ్లాసు తెప్పించారు. నేనూ తాగాను. మర్యాదస్థుణ్ణి కదా! ప్రెసిడెంటు గారు దారిపొడుగునా ఒకటే సంబరం. "చూశారాండీ, ఎవరూ మజ్జిగ మాట ఎత్తడం లేదు. అందరూ మన కుళాయి నీళ్లే ఇస్తున్నారు!"

సాయంత్రం అరుగు మీద ఫారాలు పరిచి చూసుకుంటే నలభైకి నలభై, చాలా బాగుంది. నిజాయితీగా ఇల్లిల్లూ తిరిగి తెచ్చినవే. కానీ ఇంతకంటే వండినట్టు కనబడే ఫారాలు ఏలూరు కాఫీ హోటళ్లన్నీ కలిసినా వండలేవు. మేష్టారు కళ్లజోడు సర్దుకుని నవ్వడం, బావ మంట దగ్గర పీట వేసి "రండి గ్రాడ్యుయేటు గారూ" అనడం ఒకేసారి కళ్లముందు కనిపించాయి. ఆ బెంగతోనో, దేనితోనో, కడుపులో గుడగుడలాడింది. ఆ తర్వాత నేను పెరటి వైపు పన్నెండుసార్లు వెళ్లాను. (ఇక్కడ పెంచడం లేదు. తగ్గించి చెబుతున్నాను.)

ప్రెసిడెంటు గారి భార్య వాము నూరి తెచ్చి నా పక్కన కూర్చుంది. "ఎన్ని ఇళ్లలో ఇచ్చారు బాబూ నీళ్లు?" అంది మెల్లిగా. అన్ని ఇళ్లలోనూ అమ్మా అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో తెలీలేదు. "చుట్టాలకి మేమెవరమూ ఆ నీళ్లు ఇవ్వం బాబూ. కాలవ దగ్గర్నుంచి దోనె మీద బిందెలతో తెచ్చుకుని, చిల్లగింజ అరగదీసి, తేరిన నీళ్లు ఇస్తాం. ఇవాళ నీకు అవే కుళాయి నీళ్లు ఇచ్చారంటే, పై ఆఫీసు మనిషివి, నువ్వైనా పైకి చెబుతావని."

"మరి నోటితో చెప్పొచ్చు కదమ్మా?"

"ఎలా చెబుతారు? చేపల చెరువుల మురుగు మంచినీళ్ల చెరువులోకి ఊరుతోందని ఊరంతటికీ తెలుసు. ఆయన కాళ్లరిగేలా తిరిగి తెచ్చారనీ తెలుసు. ఎవరికి మనసొప్పుతుంది? అంతెందుకు, కుళాయిలు వచ్చిన నాటి నుంచీ నేను ఆయనకి దోనె నీళ్లే పోస్తున్నాను. తాగి, మన కుళాయి నీళ్లు ఎంత తియ్యగా ఉన్నాయో చూశావా అంటారు. ఆ ముఖం చూసి నేను మాత్రం..."

మాట అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో ప్రెసిడెంటు గారు నిలబడి ఉన్నారు. ఆయన పెరట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, గ్లాసు నింపుకుని నిలబడే తాగారు. మొత్తం తాగారు. తర్వాత వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నారు. "మీరు కూడా బావున్నాయన్నారు కదండీ" అన్నారు. కోపం లేదు. కోపముంటే బాగుండేది.

తెల్లారేసరికి ఆయనే ట్యాంకు దగ్గరికి వెళ్లి కుళాయిలు కట్టేయించారు. ఊళ్లో ఉన్న దోనెలన్నీ బిందెలతో కాలవ వైపు బయల్దేరాయి. వాటిలో ఒకదాంట్లో నన్నూ ఎక్కించారు. ఆ తర్వాత జరిగినదాన్ని నేను నలభై ఏళ్లుగా ఒకలా చెబుతూ వచ్చాను: దోనెలో కూర్చుని, ఫారంలో చివరనున్న ఖాళీ జాగాలో నీళ్ల సంగతంతా నిప్పులు కురిసేలా రాశాననీ, అది చదివి పెద్ద ఆఫీసర్లు పరుగెత్తారనీ. మా మనవలు ఇప్పటికీ నమ్ముతున్నారు. నేను దోనెలో కూర్చున్న మాట నిజం. రాసిన మాటా నిజమే. ఒక రబ్బరు తీసి, పది చాలా బాగుందిల్ని బాగుంది చేశాను, ఎనిమిదింటిని పర్వాలేదు చేశాను, నిండుగా కనబడటానికి అయిదింటిని బాగోలేదు చేశాను. ఖాళీ జాగా ఖాళీగానే ఉంచాను. అక్కడ నీళ్ల సంగతి రాస్తే, మరి ఆ నీళ్లు తాగి నువ్వేమన్నావోయ్ అని మేష్టారు అడుగుతారని భయం.

మేష్టారు ఫారాలు తిరగేసి బల్ల చరిచారు. "ఇవోయ్ ఫారాలంటే! నూటికి నూరు శాతం మనుషుల వాసన వస్తోంది!" నా పేరు పైకి వెళ్లింది.

రెండు వారాల తర్వాత ప్రెసిడెంటు గారు కొత్త చెరువు కోసం అర్జీ పట్టుకుని ఏలూరు వచ్చి, మర్యాదకి మా ఆఫీసులోకి తొంగి చూశారు. మేష్టారు సంతోషంగా కుర్చీ వేయించి, ఆయన ఫలితాలు ఆయనకే చదివి వినిపించారు. "అయిదుగురు మాత్రం బాగోలేదన్నారండీ. ఏమీ అనుకోకండి." ప్రెసిడెంటు గారు తల తిప్పి నా వైపు చూశారు. నలభై గుమ్మాల్లోనూ గొడుగు పట్టింది ఆయనే. నేను పెన్సిలు చెక్కడం మొదలెట్టాను. మేష్టారికి అనుమానం ఎక్కువ, కళ్లజోడు పైనుంచి చూస్తూ, "ఏవండీ, మావాడు నిజంగానే ఇల్లిల్లూ తిరిగాడాండీ?" అని అడిగారు.

"తిరిగారండీ" అన్నారు ప్రెసిడెంటు గారు. "గుమ్మం గుమ్మానికీ తిరిగారు. మా ఊరి అభిప్రాయం కడుపునిండా తెలుసుకున్నది ఈయనొక్కరేనండీ."

ఆ మాటతో నా ఉద్యోగం ఖాయమైంది. వెళుతూ వెళుతూ ఆయన నా బల్ల దగ్గర ఆగి, నాకు మాత్రమే వినబడేలా, "ఆ అయిదుగురు గనక మా ఊళ్లో ఉండి ఉంటే ఎంత బాగుండేదండీ అబ్బాయి గారూ" అన్నారు. నేను ఫారాలు సర్దుకుంటున్నట్టు నటించాను. లేచి బస్టాండు దాకా వెళ్లి సాగనంపాల్సింది. ఆ కుర్రాడికి అంత తోచలేదు. ఇప్పుడు తోస్తోంది గానీ, ఆ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

ముప్ఫై ఏళ్లు అదే ఉద్యోగం చేశాను. ఎక్కడో ఒక గుమ్మంలో, పెద్దమనిషి పక్కనుండగానే ఆయన ముఖం చూస్తూ, నొప్పించకుండా, "ఇది బాగోలేదండీ" అని నెమ్మదిగా చెప్పినవాళ్లు కనబడినప్పుడల్లా, ఇంకొకరు దొరికారండీ ప్రెసిడెంటు గారూ అని లోపల్లోపల అనుకునేవాణ్ణి. రిటైరయ్యేనాటికి అయిదుగురూ పూర్తయ్యారు. (అయిదుగురు కాదు. నలుగురే.)