టెస్టు వీడియోలో నా గొంతు

రాయదుర్గం బస్టాండు పక్క సందులో నాకొక ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, సీమంతాలు, చెవులు కుట్టించడాలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోతాను. మొన్న వేసవిలో నా పాత కెమెరా మూలపడింది. ఫోటోకూ వీడియోకూ ఒకటే సరిపోయే ఖరీదైన మిర్రర్‌లెస్ కెమెరా కొందామనుకుంటే, ముందు వాడి చూడమని డీలరు రెండు రోజులు చేతికిచ్చాడు. ఆ రెండు రోజులూ నా కాళ్లు నేల మీద లేవు.

ఏసీ గదిలో ఏ కెమెరా అయినా బాగానే పనిచేస్తుంది. మా ఎండలో దాని సంగతేమిటో చూడాలి. నాతో పెళ్లిళ్లకు వీడియో తీసే మిత్రుణ్ణి బండెక్కించుకుని విడపనకల్లు దారి పట్టాను. గొర్రె కంటిని పట్టుకుంటుందా అని చూశాం, పట్టుకుంది. పరుగెత్తే కుక్కను వదలలేదు. గాలిమర రెక్కలు వీడియోలో వంకర పోతాయేమో అని చూశాం, పోలేదు. ఇంక మిగిలింది మనిషి ముఖం.

రోడ్డు పక్కన ఒక ఇంటి ముందు కట్ట మీద ఒక అవ్వ విత్తనం కోసం వేరుశనగ కాయలు ఒలుస్తోంది. రాయదుర్గం బస్టాండు కాడ స్టూడియో వాళ్లం, ఫోటో తీస్తామంటే చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని బిగుసుకు కూర్చుంది. ఆ కెమెరాకు చప్పుడు రాకుండా తీసే ఏర్పాటుంది. నేను వరసగా తీసేశాను.

"తియ్యి మరి," అంది.

"తీసినామవ్వా."

"సప్పుడే రాల్యా. ఉత్తుత్తిగా తీస్తాండావు నువ్వు."

మేమిద్దరం నవ్వి వీడియో పెట్టాం. తెర మీద కెమెరా వేడెక్కిందన్న గుర్తు వస్తుందేమోనని నా కళ్లన్నీ అక్కడే. ఆ ధ్యాసలో, పక్కన మనిషి ఉందన్న ఇంగితం లేకుండా, నా మిత్రుడితో ఒక మాటన్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

"టెస్టుకు ఈ మొగం సాలప్పా. వాన ల్యాని సేను మాదిరి యాడ సూసినా బీటలే. ఇవన్నీ తెలిస్తే కెమెరా మంచిదే. ఆమెకేం ఇనపడదులే."

నా మాట పూర్తి కాకముందే అవ్వ అందుకుంది. "ఇనపడతాది నాయనా. సెవులకేం రోగం? వాన పడిన యేడు వచ్చింటే నున్నగా ఉంటాంటిని. తియ్యి, తియ్యి. రాయదుర్గంలో నా కూతురుండాది, ప్యాంట్లు కుట్టేకాడ. మిషను కాడ్నించి లేసే తీరుబాటు ల్యా దానికి. నా ఫోటో ఒకటి ఇయ్యి దానికి."

నేను నవ్వాను. సరేలే అవ్వా అన్నాను. అదీ రికార్డయింది.

ఆ సాయంత్రం స్టూడియోలో నా మిత్రుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, "మైకు బాగుండాదన్నా, మాట మాట తెలుస్తాంది," అన్నాడు. నేనూ విన్నాను. నిజమే, బాగుంది. నాకు సిగ్గనిపించలేదు, మైకు ఒక్కటే వినిపించింది. మర్నాడు కెమెరా కొనేశాను. అవ్వ ఫోటో సంగతి మరిచిపోయాను.

వానలు మొదలయ్యాక ఒకామె స్టూడియోకు వచ్చింది. జాకెట్టు చేతుల మీద నీలం నూలుపోగులు అంటుకుని ఉన్నాయి.

"అన్నా, మాయమ్మ ఫోటో నీకాడ ఉండాదంట. బస్టాండు కాడ స్టూడియో వాళ్లు తీసినారు, పోయి తెచ్చుకో అని ఫోన్లో శానా మాట్లు చెప్పింది. నాకే తీరుబాటు కాల్యా. మాయమ్మ పోయింది. దినాలకు ఫోటో కావల్ల."

కంప్యూటరులో వెతికి చూపించాను. ఏ ఫోటో చూసినా ఇదే బాగుంది అంటోంది. ఆ ఫోటోల పక్కనే వీడియో బొమ్మ ఆమె కంట పడింది.

"ఇదేందన్నా?"

"వీడియోమ్మా. టెస్టుకు తీసినాం. సౌండు పడలా," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. సౌండు రాకుండా నొక్కేసి చూపించాను. ఆమె తెర దగ్గరికి జరిగింది.

"పెదిమలు కదుల్తాండాయి. ఏమంటాందన్నా?"

"ఏమో మా. గుర్తు ల్యా."

ఆమె ఇంకా దగ్గరికి వంగింది. "ఫోన్లో రోజూ మాట్లాడేది. ఒక్కపారి గూడా రికార్డు చేసుకోల్యా నేను. గొంతు యాడా ల్యాకుండా పాయ," అని, ఫోటో ఫ్రేము కట్టించమని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక మనిషి గొంతు నా దగ్గర ఉంది, నా పరువు కోసం దాన్ని దాచుకున్నాను.

నా మాట తీసేసి అవ్వ మాటలొకటే ఇద్దామని ఆ రోజంతా కూర్చున్నాను. కుదరలేదు. నా మాట మీదనే ఆమె మాట ఎక్కింది. నన్ను కోస్తే ఆమే తెగుతోంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

ఫ్రేము కోసం వచ్చినప్పుడు, సౌండు దొరికిందమ్మా అని ఆమె చేతికి హెడ్‌ఫోన్లు ఇచ్చాను. స్పీకరులో పెట్టే ధైర్యం లేకపోయింది. అయినా తప్పించుకున్నదేమీ లేదు. అవ్వ చెయ్యి మోకాలి మీద కదిలే చోట నా మాట మొదలవుతుంది, తల పైకెత్తే చోట ఆమె జవాబు. బొమ్మ చూస్తే చాలు, నాకన్నీ వినిపిస్తున్నాయి. నా మాట దగ్గర కూతురు నా వైపు చూడలేదు. జవాబు దగ్గర నవ్వింది. తీరుబాటు మాట దగ్గర ఏడ్చింది.

"నా మాట తప్పే మా. ఇంగోపారి కూచ్చోని ఎట్లన్నా దాన్ని తీసేసి ఇస్తా," అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి టేబులు మీద పెట్టింది. "వద్దు. నీ మాట తీసేస్తే మాయమ్మ దేనికి జవాబు చెప్పినట్లు? అట్లే ఫోన్లో ఎక్కించు."

ఎక్కించాను. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది.

దినాలకు నన్నూ రమ్మని ఫోను చేసింది. పోకపోతే ఇంకా తప్పని పోయాను. అవ్వ కూర్చున్న కట్ట మీదే పూలమాలతో ఫోటో పెట్టారు. భోజనాల బంతిలో నేనొక చివర కూర్చున్నాను. ఎదురు వరసలో బంధువులు కూతురి ఫోను ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని వింటున్నారు. మొదట నా గొంతు, తర్వాత అవ్వ గొంతు. మళ్లీ నా గొంతు. అవ్వ మాటకు అందరూ నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు.

"ముందర మాట్లాడేటోడు ఎవడే వాడు?" అని ఒక పెద్దామె అడిగింది. "ముసలిదాన్ని పట్టుకోని అట్లంటాడా?"

వడ్డిస్తున్న కూతురు నా వైపు చూడకుండానే చెప్పింది. "ఎవురో లే అత్తా. దోవన పొయ్యేటోళ్లు."

నేనే అని చెప్పాలి. చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను విస్తరి సర్దుకున్నాను. ఆమె నా ముందుకొచ్చి, "ఇంకొంచెం పెట్టించుకోన్నా," అని అన్నం గరిటె వంచింది. నోరు తెరిస్తే ఎదురు వరసలో వాళ్లు గొంతు గుర్తుపడతారు. చాలని నోటితో అనలేదు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.