శనివారం దాకా ఆగమన్న మనిషి

నా బ్లాగుకు అక్షరాలు కూర్చిన మనిషి పోయాడు. పోయిన నెల ఒక బుధవారం ఉదయం నేను పూజ ముగించి లేచే వేళకు ఆయన కూతురి నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది, నన్ను తాతా అని పిలుస్తుంది. "తాతా, నాయిన లేడు" అన్నది. తెల్లవారుతుండగా ఎదలో నొప్పి అన్నాడట. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. "చాయ్ గూడ తాగలే" అని మరొక్క మాట అని పెట్టేసింది.

ఆయనకు యాభై రెండేళ్లు. నాకు డెబ్భై ఆరు. ఇలా వరుస తప్పి వచ్చే మరణాల గురించి మన పూర్వులు చెప్పిన ఓదార్పు వాక్యాలు నాకు చాలానే కంఠస్థం. ఎన్నో ఇళ్లలో, ఎందరో తల్లుల ముందు కూర్చుని వాటిని చదివి అర్థం చెప్పాను. ఆ ఉదయం ఒక్కటీ నోటికి రాలేదు. నాకు వచ్చిన మొదటి ఆలోచన వేరు. అదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా రాతలు చదివే అలవాటున్నవారు దీన్ని నా బ్లాగులో కాక ఈ పత్రికలో ఎందుకు చదువుతున్నారో చివరకు తెలుస్తుంది.

మట్టెవాడలో ఆయనకొక చిన్న డి.టి.పి. కొట్టు ఉండేది. పెండ్లి పత్రికలు, శ్రద్ధాంజలి కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, జిరాక్సులు. లోపల ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడవలసిందే. తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసిన కొన్నేళ్లకు, జీవితమంతా పాఠం చెప్పిన పద్యాలకు నేను రాసుకున్న వ్యాఖ్యానాల నోటుపుస్తకాలు సంచిలో వేసుకుని, పుస్తకం వేయించుకుందామని ఆ కొట్టు మెట్లెక్కాను.

"ఎన్ని కాపీలు అచ్చేయిస్తరు సార్?" అని అడిగాడు.

"ఐదువందలు."

"ఎవలకిస్తరు?"

"మిత్రులకు."

"ఐదువందల మంది మిత్రులున్నరా సార్ మీకు?"

జిరాక్సు కోసం నిలబడిన ఒక కిరాణా సేటు నవ్వాడు. "మిగిలినయి మా దుకాణానికి పంపుండ్రి పంతులూ. కాయితం మంచిదైతె జీలకర్ర పొట్లాలు కడ్త."

"సేటు మాట పట్టించుకోకుండ్రి సార్. బ్లాగు పెడ్దం. అటకెక్కది, చెదలు పట్టది. నాకు తీరినప్పుడు నేను కొట్టి పెడ్త" అన్నాడు ఆయన.

నా దగ్గర అప్పుడు మాట్లాడటానికి తప్ప మరెందుకూ పనికిరాని ఫోను ఉండేది. అందుచేత ఖాతా తన పేరుతో, తన నంబరుతోనే తెరిచాడు. పాస్‌వర్డు చీటీ మీద రాసిస్తానన్నాడు. "ఇల్లు నాదే కదా తమ్మీ, తాళంచెవి నీ దగ్గరే ఉండనీ" అన్నాను. ఆ మాట అప్పుడు నాకు పెద్దమనిషి తరహాగా తోచింది. నిజానికది బద్ధకం. ఆ తాళంచెవి పదమూడేళ్లు ఆయన దగ్గరే ఉంది.

ప్రతి శనివారం పది నుంచి పన్నెండు వరకు నా పని. ఆ వేళలో పెండ్లి కార్డంటూ వచ్చినవారిని ఎంత తొందరవారినైనా కూర్చోబెట్టేవాడు. నా చేతిరాత కాగితాలను బట్టలారేసే క్లిప్పుతో మానిటరు పక్కన నిలబెట్టుకునేవాడు. నా చూపు తెరమీది అక్షరాలకు ఆనదు కనుక, పద్యం కొట్టడం పూర్తికాగానే తానే పైకి చదివి వినిపించేవాడు. మొదట్లో బస్సు బోర్డు చదివినట్టు ఉండేది. మూడో ఏటికి పాదం ఎక్కడ ఆగి ఎక్కడ సాగుతుందో ఆయన గొంతుకు తెలిసిపోయింది. "ఇక్కడ జర కుంటుతాంది సార్. మీరే తప్పు రాసిండ్రా?" అని అడిగేవాడు. చాలాసార్లు నేనే తప్పు రాసేవాణ్ని.

శ్రద్ధాంజలి కార్డు పని వస్తే తేదీలను మూడుసార్లు సరిచూసేవాడు. "పెండ్లి కార్డుల తప్పు పడితె మీదికొస్తరు సార్. దీంట్ల పడితె ఏమనరు. ఇంటికి పోయి ఏడుస్తరు" అనేవాడు. ఆయన పోయాక ఆయన శ్రద్ధాంజలి కార్డు వేరే కొట్టులో చేయించారు. పుట్టిన తేదీ తప్పు పడింది. ఎవరూ ఏమీ అనలేదు.

బ్లాగు రాయడమంటే ఏమిటో నాకు మెల్లగా బోధపడింది. తరగతి గదిలో నా ఎదుట ముఖాలుండేవి, ఎవరికి అర్థమయిందో ఎవరు ఆవలిస్తున్నారో కనిపించేది. ఇక్కడ ముఖాలుండవు. వచ్చిపోయినవారి లెక్క మాత్రం ఉంటుంది. ఆ లెక్క కోసం మనసు ఎంత దిగజారుతుందో, వైరాగ్యం మీద వ్యాసం పెట్టిన మరునాడే ఎంతమంది చూశారని ఫోను చేసి అడిగినప్పుడు తెలుసుకున్నాను. "తక్కువ మందే సార్, గని ఆఖరుదాంక చదివినట్టున్నరు" అనేవాడు ఆయన. అది ఆయనకెలా తెలిసేదో నేనెన్నడూ అడగలేదు.

ఒకసారి పేరు చెప్పని పాఠకుడొకడు, ఈ పంతులుకు పద్యమూ రాదు వ్యాఖ్యానమూ రాదు అని కింద రాసిపోయాడు. నేను నాలుగు పుటల సమాధానం రాసుకుపోయాను. ఆయన ఓపికగా అంతా కొట్టి, దాచి, చేయి మౌసు మీంచి తీశాడు.

"నొక్కు తమ్మీ" అన్నాను.

"నొక్కుత సార్. వచ్చే శనివారం నొక్కుత. అప్పటికి గూడ మీ కోపం గిట్లనే ఉంటె ఫికరే లేదు."

మరుసటి శనివారం ఆ నాలుగు పుటలను నాకు చదివి వినిపించాడు. విరుపూ లేదు, ఉద్వేగమూ లేదు. నా మాటలు మరొకరి గొంతులో అంత చవకగా వినిపించగలవని నేననుకోలేదు. చెరిపించాను. అప్పటినుంచి అది మా కొట్టు కట్టుబాటు అయింది: పద్యం ఆనాడే, కోపం వారం తరువాత. పదమూడేళ్లలో ఎన్ని శనివారాలు ఆ మనిషి నన్ను నా నుంచి కాపాడాడో లెక్క లేదు.

ఒక్కసారి మాత్రం నేను ఆ కట్టుబాటును దాటాను.

డోర్నకల్‌లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నాలాగే చిన్న బ్లాగు రాసేవారు. బిడ్డను సాగనంపే తల్లిని గురించిన ఒక పాత పద్యానికి ఆయన రాసిన వ్యాఖ్యను ఒక శనివారం కొట్టులో చదివించుకుంటుంటే ఈ వాక్యం వినబడింది: కవి ఆ తల్లి చేత ఒక్క మాటా అనిపించలేదు, ఆమె మాట్లాడి ఉంటే మనకు దుఃఖం తెలిసేది కాదు. అది నా వాక్యం. నలభై ఏళ్లు తరగతుల్లో చెప్పిన వాక్యం, బ్లాగులో ఆరేళ్ల కిందటే పెట్టిన వాక్యం. ఆ మాష్టారి పేరు, ఊరు రాసి, చౌర్యమన్న మాట శీర్షికలోనే పెట్టి, ఒక వ్యాసం కొట్టుకు తీసుకుపోయాను.

"వారం ఆగుదం సార్" అన్నాడు ఆయన.

"ఇది కోపం కాదు తమ్మీ, న్యాయం."

"న్యాయమైతె వారానికే పాడైతదా సార్?"

"బ్లాగు నాది తమ్మీ" అన్నాను. పదమూడేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన నా ముఖం చూడకుండా నొక్కాడు.

ఎన్నడూ రానంతమంది వచ్చారు. పద్యం కోసం రాని జనం దొంగను చూడటానికి వచ్చారు. ఆ వారం నేను శనివారం దాకా ఆగలేక రెండుసార్లు కొట్టుకు పోయి లెక్క చూపించుకున్నాను. నెల తిరగకముందే డోర్నకల్ మాష్టారు తన బ్లాగు మూసేశారు. దాన్ని కూడా నేను ఒప్పుకోలుగానే భావించాను.

నాలుగు నెలల తరువాత తపాలాలో ఒక కవరు వచ్చింది. లోపల ఒక పాత నోటుపుస్తకం పుటల జిరాక్సు. మా కళాశాలలో మా గురువుగారు చెప్పిన పాఠం, నాకు మూడేళ్ల తరువాత అక్కడే చదువుకున్న డోర్నకల్ మాష్టారు రాసుకున్నది. ఆ పద్యం కింద ఆ వాక్యం, పొల్లు పోకుండా ఉంది. అది నా వాక్యం కాదు. మా గురువుగారిది. విన్న చోటు మరచిపోయి, చెప్పి చెప్పి, అది నాలోనే పుట్టిందనుకున్నాను. దొంగ ఎవరంటే నేనే.

కవరులో నాలుగు పంక్తుల ఉత్తరం కూడా ఉంది. "మీరూ నేనూ ఒకరి దగ్గరే తీసుకున్నాము. మా మనుమరాలు ఫోనులో నా పేరు వెతికితే ముందుగా మీ వ్యాసమే వస్తున్నది. దయచేసి దానిని తీసివేయండి. క్షమాపణ అక్కరలేదు."

ఆ శనివారం కొట్టులో, నేను తమ్మీ అని పిలిచే మా ఆపరేటరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. "తీసేద్దం సార్. ఒక్క నిమిషం పని."

"ఊరికే తీసేస్తే దొంగచాటుగా తీసినట్టుంటుంది తమ్మీ. క్షమాపణ వ్యాసం రాస్తాను. అది తీయడం, ఇది పెట్టడం ఒక్కసారే కావాలి."

"సారు అక్కర్లేదన్నడు గద."

"ఒక మర్యాద ఉంటుంది."

మర్యాద కోసం మూడు శనివారాలు గడిచాయి. గురుస్తుతితో మొదలుపెట్టాను. స్తుతికి సీసం బాగుంటుందనిపించింది, తరువాత మత్తేభం. నా పశ్చాత్తాపం నిజమే కాని, అది చదివినవారు మెచ్చుకునేటట్టు ఉండాలని కూడా నాకు ఉంది. చివరి శనివారం ఆయన ఎడమ భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఏమిటంటే గ్యాసు అన్నాడు.

"ఇయ్యాలన్న తీసేస్తనా సార్?"

"మూడో పాదం ఇంకా కుదరలేదు తమ్మీ. వచ్చే శనివారం."

ఆయన నవ్వాడు. "కోపానికి వారం గడువు నేను పెట్టిన. క్షమాపణకు మీరు పెడ్తాండ్రు" అన్నాడు.

నాతో ఆయన అన్న ఆఖరు మాట అదే. బుధవారం పోయాడు.

ఫోను పెట్టేశాక నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆయన భార్య గురించి కాదు, ఆ పిల్ల గురించి కాదు. అయ్యో, ఇక ఆ వ్యాసం ఎలా తీయాలి అనుకున్నాను. కొత్తవాడలో వాళ్ల ఇంటికి చేరేవరకూ ఆటోలో అదే ఆలోచన. కొట్టులోని కంప్యూటరు పదిమంది ముట్టుకునేది కనుక దానిలో ఆయన ఏ ఖాతానూ తెరిచి ఉంచడని నాకు తెలుసు. తెరిచి ఉండేది ఆయన ఫోనులోనే. దాన్ని తెరిచే అంకెలు ఎవరికీ తెలియవు.

ఆ తరువాత మేము చేయవలసినవన్నీ చేశాం. సిమ్ము తీసి వేరే ఫోనులో వేశాం. ఖాతాకు రాసి ఇచ్చింది ఆయన పాత నంబరట, అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియదు. కంపెనీవారికి ఉత్తరం రాయించాం, జవాబు రాలేదు. ఆ వ్యాసం నా పేరుతో ఈనాటికీ అక్కడే ఉంది. డోర్నకల్ మాష్టారి పేరు వెతికినవారికి ముందుగా అదే వస్తోంది. కాబట్టి ఇక్కడ, అచ్చులో, పద్యం లేకుండా చెబుతున్నాను: ఆయన నా దగ్గర ఏమీ దొంగిలించలేదు. నేను రాసింది అబద్ధం. ఈ పత్రికను ఆ మనుమరాలు చూస్తుందో లేదో నాకు తెలియదు.

ఆ బుధవారం మధ్యాహ్నం సంగతి మిగిలింది. స్నానం చేయించి, కొత్త వస్త్రం కప్పి, వాకిట్లో పడుకోబెట్టారు. చేతి బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టారు. నేను పూలదండ వేసి పక్కకు నిలబడ్డాను. ఆ పిల్ల ఇంట్లోకి పోయి తండ్రి ఫోను పట్టుకుని వచ్చింది.

"తాతా, నిన్న గూడ అన్నడు. డోర్నకల్ సారుది ఉండిపోయింది, పంతులు సార్ ఇంక పద్యం రాస్తనే ఉన్నడు అని." తల్లివైపు చూసింది. "అమ్మా, ఏలు పెడితె ఫోను తెరుసుకుంటది. దారం తీద్దునా?"

కట్టిన ఆ ముడిని విప్పరాదు. ఆ సంగతి అక్కడున్న అందరికంటె నాకే బాగా తెలుసు. వద్దు బిడ్డా అనవలసినవాణ్ని నేను. అనలేదు. నాకు ఆ ఫోను తెరుచుకోవాలని ఉంది.

"తియ్యి బిడ్డా. ఆయన చెయ్యాలనుకున్న పనే గద" అన్నది ఆయన భార్య.

ఆ పిల్ల దారం విప్పింది. కుడిచేతి బొటనవేలిని అద్దం మీద ఆనించింది. ఫోను చిన్నగా వణికి ఊరుకుంది. వేలికి అంటిన పసుపును చున్నీ కొనతో తుడిచి మళ్లీ ఆనించింది. మళ్లీ వణికింది.

"సల్లగున్నది తాతా. గుర్తు పడ్తలేదు."

పాడె మోసేవాళ్లు తలలకు తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డారు. ఎవరో చేయి చూపిస్తే డప్పులు ఆగాయి. ఆ పిల్ల ఫోనును నేల మీద పెట్టి, తండ్రి చేతిని తన రెండు అరచేతుల మధ్యకు తీసుకుంది. చలికాలం పొద్దున చిన్నపిల్లల చేతులు రుద్దినట్టు రుద్దసాగింది. మధ్యమధ్య నోటి దగ్గరకు తీసుకుని వెచ్చగా ఊదుతోంది, మళ్లీ రుద్దుతోంది.